మన అడవి పోయిన పైసలతో పట్నం పార్కులు: లెక్క అడుగుదాం

పోస్టు పొడుగున్నది, ఓపిక చేసుకొని చివరిదాకా చదవండి. చదివినంక మీ హాస్టల్ గ్రూపుల్ల, ఊరి గ్రూపుల్ల కూడా పెట్టండి. తప్పు ఉంటే కామెంట్ల చెప్పండి, దిద్దుకుంటం.

మొన్నొక ఆదివారం మేం హాస్టల్ నుంచి ఏడెనిమిది మందిమి కలిసి హైదరాబాద్ శివారుల ఉన్న ఒక అర్బన్ ఫారెస్ట్ పార్కుకు పోయినం. గేటు దగ్గర టికెట్. లోపల వాకింగ్ ట్రాక్, యోగా షెడ్డు, పిల్లలకు ఊయలలు, ఫోటోలు దిగేటందుకు ఒక జాగ. చెట్లకు పేర్ల రేకులు కొట్టిండ్రు: ఇప్ప, మొర్రి, తునికి, నల్లమద్ది. మనింటి చెట్లే. ఇప్ప చెట్టు కింద మేం కూడా ఫోటో దిగినం. ఎనుకకు వచ్చేటప్పుడు గేటు పక్కన బోర్డు చదివినం. ఖర్చు ఎక్కడిదో రాసి ఉన్నది: కంపా నిధులు.

మాతో వచ్చిన తమ్ముడొకడు ఆ బోర్డు ముందే ఆగిపోయిండు. "అన్నా, కంపా అంటే మా చేనుల జేసీబీతోని కందకాలు తవ్విన స్కీమే గదా? గీ పార్కుకు గా పైసలెందుకు వచ్చినయి?" అన్నడు.

మా దగ్గర జవాబు లేదు. హాస్టల్‌కు వచ్చి చట్టం తీసినం, రూల్స్ తీసినం, పేపర్ కటింగులు చూసినం. ఆ తమ్మునికి చెప్పవలసిన జవాబే ఈ పోస్టు.

ముందే ఒక మాట. పట్నంల పార్కులు వద్దని మేం అంటలేం. పట్నంల ఉన్నోళ్లకు గాలి కావాలె, నీడ కావాలె, ముసలోళ్లు నడవాలె, పిల్లలు ఆడాలె. మేమూ గీ పట్నంలనే ఉంటున్నం. ఇరుకు రూముల్ల చదవలేక ఇందిరా పార్కు చెట్ల కింద పుస్తకం పట్టుకొని కూసున్నోళ్లం మనలోనే ఉన్నరు. మా పేచీ చెట్టుతోని కాదు. ఆ చెట్టుకు ఎవరి పైసలు పెడుతున్నరు, ఎవరిని అడిగి పెడుతున్నరు అన్న దాంతోనే మా పేచీ.

కంపా అంటే ఏంది?

ఎక్కడన్న అడవిని గనికో, డ్యాముకో, రోడ్డుకో ఇస్తే, ఆ అడవి తీసుకున్న కంపెనీ గానీ శాఖ గానీ పైసలు కట్టాలె. పోయిన అడవికి బదులు ఇంకోచోట చెట్లు పెంచడానికి కొంత. ఆ అడవి ఇచ్చే గాలి, నీళ్లు, మట్టి, జీవాల విలువ కింద కొంత. ఈ రెండో దాన్నే నికర ప్రస్తుత విలువ అంటరు, మామూలుగా ఎన్‌పీవీ. సుప్రీంకోర్టుల నడిచిన గోదావర్మన్ కేసుల 2002 ఉత్తర్వుతోని ఈ నిధి ఆలోచన వచ్చింది. 2016ల పార్లమెంటు కంపా చట్టం చేసింది. 2018ల రూల్స్ వచ్చినయి. 2019 ఆగస్టుల కేంద్రం రాష్ట్రాలకు 47 వేల కోట్ల రూపాయలకు పైగా విడుదల చేసింది. అందుల తెలంగాణకు దాదాపు 3,110 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌కు 1,734 కోట్లు.

ఈ పైసలు ఎక్కడి నుంచి వచ్చినయో ఒక్కసారి ఆలోచించండి. బంజారాహిల్స్‌ల అడవి పోతే వచ్చినయా? కాదు. కొత్తగూడెం, మణుగూరు, భూపాలపల్లి దిక్కు ఓపెన్ కాస్టులకు అడవి పోయింది. కాళేశ్వరానికి పోయింది. గోదావరి అవతల పోలవరం కింద అడవులు, వాటితోపాటు కోయ, కొండరెడ్డి పల్లెలు పోతున్నయి. పోలవరం ముంపుల లక్షకు పైగా కుటుంబాలు ఉన్నయి, వాటిల పెద్ద భాగం ఆదివాసీలదే. అంటే కంపా ఖాతాల ఉన్న ప్రతి రూపాయి ఎనుక ఎక్కడో ఒక అడవి ఉన్నది. ఆ అడవి మీద బతికిన ఊరు ఉన్నది. ఆ ఊరోళ్లు తునికాకు కోసిండ్రు, ఇప్పపువ్వు ఏరిండ్రు, ఆ అడవిలనే వాళ్ల దేవతలు ఉన్నరు. ఆ అడవికి కట్టిన ధర ఊరోళ్ల చేతికి రాలేదు. అటవీ శాఖ ఖాతాకు పోయింది.

చట్టం ప్రకారం ఈ సొమ్ముల 90 శాతం రాష్ట్రానికి, 10 శాతం జాతీయ నిధికి. 2020 జూన్ 5, పర్యావరణ దినోత్సవం నాడు కేంద్రం నగర్ వన్ అనే పథకం ప్రకటించింది. తర్వాత దాన్ని 400 నగర వనాలు, 200 నగర వాటికలకు పెంచింది. ఖర్చు అంచనా 895 కోట్లు. హెక్టారుకు 4 లక్షలు ఇస్తరు. ఈ పైసలు ఎక్కడివంటే జాతీయ కంపా నిధివే. మన తానకొస్తే రాష్ట్ర కంపా ప్రణాళికల్ల కూడా అర్బన్ పార్కుల పద్దు ఉంటూనే వచ్చింది.

ఇప్పుడు చెప్పండి. ఆదివాసీ అడవి మునిగితే వచ్చిన పైసలు, అడవే లేని కార్పొరేషన్ల పార్కులకు పోతున్నయి. దీన్ని పరిహారం అంటరా? ఇంట్ల దొంగలు పడి సొమ్ము ఎత్తుకపోయిండ్రు అనుకోండి. ఆ సొమ్ము కోర్టుల దొరికితే దాన్ని పక్క వీధోళ్ల అరుగు కట్టడానికి ఇచ్చినట్టున్నది.

ఇంకోటి వినండి. 2018 రూల్స్‌ల ఈ పైసలు దేనికి వాడొచ్చో ఒక జాబితా ఉన్నది. రక్షిత ప్రాంతాల నుంచి గ్రామాల స్వచ్ఛంద తరలింపు అన్నది కూడా ఆ జాబితాలనే ఉన్నది. అంటే మన అడవి పోయినందుకు వచ్చిన పైసలతోనే ఇంకో అడవిల ఉన్న మనోళ్లను లేపొచ్చు. స్వచ్ఛందం అన్న మాట ఉన్నది, నిజమే. కరెంటు రాకుండ, రోడ్డు పడకుండ, బడి నడవకుండ చేసినంక ఊరు తనంతట తానే పోతనంటే అది ఎంత స్వచ్ఛందమో కవ్వాల్ దిక్కు, నల్లమల దిక్కు చుట్టాలు ఉన్నోళ్లకు మేం చెప్పాల్సిన పని లేదు.

ఎకరం ధర ఎంత?

దట్టమైన అడవికి ఎన్‌పీవీ రేటు 2022ల పెంచినంక కూడా హెక్టారుకు ఎక్కువల ఎక్కువ 16 లక్షల లోపే. ఎకరానికి లెక్కేస్తే ఆరున్నర లక్షలు దాటదు. వందల ఏండ్ల అడవి, దాని కింద ఊట, దాని మీద పిట్ట, అన్నీ కలిపి ఆరున్నర లక్షలు.

ఇదే హైదరాబాద్‌ల 2023 ఆగస్టుల కోకాపేట నియోపోలిస్ వేలంపాటల ఎకరం 100 కోట్లు దాటింది. ఒక్క ఎకరం. ఆ లెక్కన మన దట్టమైన అడవి పదిహేను వందల ఎకరాలు కలిపితే కోకాపేటల ఒక ఎకరం.

అట్లాంటి భూములు అమ్ముకునే నగరానికి తన పార్కులకు తనే పైసలు పెట్టుకునే తాకత్తు లేదా? ఉన్నది. చట్టం కూడా ఉన్నది. 2019 మున్సిపల్ చట్టం బడ్జెట్‌ల 10 శాతం పచ్చదనానికే పెట్టాలన్నది. 2020ల జీహెచ్‌ఎంసీ చట్టం సవరించి అక్కడా అదే పెట్టిండ్రు. నాటిన మొక్కల్ల 85 శాతం బతకాలె, లేకుంటే బాధ్యుల మీద చర్య అన్నరు. దీనికి తోడు హరిత నిధి అని పెట్టి ఉద్యోగుల జీతాల నుంచి, ప్రజాప్రతినిధుల నుంచి, రిజిస్ట్రేషన్ల నుంచి కొంత కోసిండ్రు. విద్యార్థుల అడ్మిషన్ల నుంచి కూడా కోసిండ్రు. అంటే మన స్కాలర్‌షిప్ రాకముందే మన దగ్గర హరిత నిధి వసూలైంది.

ఇన్ని సంచులు చేతుల ఉండంగ, మన సంచిలకు చెయ్యి ఎందుకు పెడుతున్నరు? ఎందుకంటే నగరంల ఆస్తి పన్ను పెంచితే ఓటరు కోపం చేస్తడు. వేలంపాట సొమ్ముల నుంచి పార్కుకు వాటా తీస్తే బడ్జెట్‌ల వేరే చోట చిల్లు పడుతది. బిల్డర్ దగ్గర ఎక్కువ వసూలు చేస్తే పై నుంచి ఫోన్ వస్తది. కంపా పైసలకైతే ఎవడూ అడగడు. ఆ పైసలు ఎవరివో ఆ ఊరోళ్లకే తెల్వదు. అడిగేటోడు లేని సొమ్ము ఎప్పుడైనా సులువుగ ఖర్చయితది.

ఒకే సర్కారు, రెండు పెన్నులు

2025ల మూడు నెలల్ల జరిగిన రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూడండి.

మార్చి ఆఖరుల, ఉగాది సెలవుల పూట, కంచ గచ్చిబౌలిల 400 ఎకరాల మీదికి జేసీబీలు వచ్చినయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు అడ్డం పోయిండ్రు, పోలీసులు పట్టుకపోయిండ్రు. వాళ్లల్ల మన పిల్లలు కూడా ఉన్నరు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకొని పనులు ఆపింది. అప్పటికే వంద ఎకరాల దాకా చెట్లు కొట్టేసిన సంగతి కోర్టు ముందుకు వచ్చింది. సర్కారు వాదన ఏంది? అది రికార్డుల అడవి కాదు, సర్కారు భూమి అని. జింకలు తిరుగుతున్నా, నెమళ్లు అరుస్తున్నా, కాగితం మీద అడవి అని లేదు కాబట్టి అడవి కాదట.

రెండు నెలలు కాకముందే, మే 30న, 49 నంబరు జీవో వచ్చింది. ఆసిఫాబాద్ జిల్లాల దాదాపు 1.49 లక్షల హెక్టార్లు కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వు అని. కవ్వాల్‌కు, మహారాష్ట్రల తాడోబాకు మధ్య పులులు నడిచే దారి అని. పులి మీద మాకు పగ లేదు. పులిని దేవునిగ మొక్కేటోళ్లం. కానీ వన్యప్రాణి చట్టంల కన్జర్వేషన్ రిజర్వు పెట్టేముందు స్థానిక ప్రజలతోని సంప్రదించాలని రాసి ఉన్నది. ఏ ఊరిల గ్రామసభ పెట్టిండ్రు? ఊర్లు రోడ్డెక్కి బంద్ పెట్టినంక, జులైల ఆ జీవోను పక్కన పెడుతున్నమన్నరు. రద్దు అనలేదు, పక్కన పెడుతున్నమన్నరు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

పట్నంల వేలానికి అడ్డం వచ్చిన అడవి అడవి కాదు. మన్యంల మన చేను మాత్రం అడవి. ఒక చేతిల ఉన్న పెన్ను అడవిని భూమి చేస్తది, ఇంకో చేతిల ఉన్న పెన్ను భూమిని అడవి చేస్తది. రెండు చోట్లా అక్కడ బతికేటోణ్ణి, అక్కడ చదివేటోణ్ణి అడగలేదు.

అందుకే కంచ గచ్చిబౌలి కొట్లాటల మనం విద్యార్థుల దిక్కు నిలబడ్డం. ఆ 400 ఎకరాలు పట్నానికి అసలైన పార్కు. గేటు లేకున్నా, ఊయల లేకున్నా అది సహజమైన అడవి. ఉన్న అడవిని కొట్టి అమ్మి, ఊరవతల ట్రాక్ వేసి బెంచీలు పెట్టి దానికి అర్బన్ ఫారెస్ట్ అని పేరు పెట్టుడు ఏం న్యాయం? కానీ పట్నం అన్నలకు, అక్కలకు ఒక మాట అడుగుతున్నం. ఆ 400 ఎకరాలకు మీరు ఏడ్చిండ్రు, మంచిదే. కొవ్వొత్తులు పట్టిండ్రు, ఫోన్లల్ల వీడియోలు పెట్టిండ్రు, మంచిదే. వేల హెక్టార్లు గనుల కిందికి, నీళ్ల కిందికి పోయిన నాడు మీ కొవ్వొత్తులు ఎటు పోయినయి?

ఎవరు నడుపుతున్నరు?

పైసల తర్వాత పెత్తనం సంగతి. పట్నంల పార్కు మీద ఏదన్న మార్పు చేస్తే మాట్లాడేటోళ్లు ఉన్నరు. కేబీఆర్ పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొడుతమంటే వాకర్లు, పర్యావరణం వాళ్లు కోర్టుకు పోయిండ్రు, ఏండ్ల తరబడి కొట్లాడిండ్రు. అది వాళ్ల హక్కు, మేం మెచ్చుకుంటం. ఉదయం నడిచేటోళ్లకు ఆ పార్కు మీద ఉన్నపాటి మాట, తాతల నాటి నుంచి ఆ అడవిల బతికేటోనికి తన అడవి మీద ఎందుకు లేదు? మేం అడిగేది గంతే.

దాతలకు కూడా దారి ఉన్నది. 2020ల ప్రభాస్ ఖాజీపల్లి దిక్కు 1,650 ఎకరాల రిజర్వు ఫారెస్టు దత్తత తీసుకున్నడు, రెండు కోట్లు ఇచ్చిండు. 2022ల నాగార్జున చెంగిచర్లల 1,080 ఎకరాలు దత్తత తీసుకున్నడు. సొంత పైసలు పెట్టిండ్రు, తప్పు పట్టం. కానీ మనోళ్లకు ఈ దత్తత అన్న మాట ఎట్ల వినిపిస్తదో సూడండి. అటవీ హక్కుల చట్టం 2006ల వచ్చింది. దాంట్ల 3(1)(ఐ) ప్రకారం తమ సామూహిక అటవీ వనరును కాపాడుకునే, పెంచుకునే, నిర్వహించుకునే హక్కు గ్రామసభది. సెక్షన్ 5 ప్రకారం అడవిని, జీవాలను, నీటి ఊటలను కాపాడే అధికారం కూడా గ్రామసభదే. దీనికి చెక్కు ఇవ్వక్కర్లేదు, దత్తత తీసుకోనక్కర్లేదు. చట్టం ఎప్పుడో ఇచ్చింది. 2023 జూన్‌ల ఆసిఫాబాద్‌ల సభ పెట్టి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు, లక్షా యాభై వేల మందికి పైగా ఇచ్చినమన్నరు. మంచిదే. అవి ఎవరి చేను వాళ్లకు ఇచ్చిన పట్టాలు. ఊరంతటికీ కలిపి అడవి మీద పెత్తనం ఇచ్చే పట్టా సంగతి ఆ సభల ఎవరూ ఎత్తలేదు.

కంపా చట్టం పార్లమెంటుకు వచ్చిన నాడే ఈ మాట లేచింది. 2016 జులైల రాజ్యసభల జైరాం రమేష్ గ్రామసభ సమ్మతి ఉండాలని సవరణ పెట్టిండు. రూల్స్‌ల సూసుకుంటమని అప్పటి మంత్రి అనిల్ మాధవ్ దవే హామీ ఇస్తే ఎనుకకు తీసుకున్నడు. రెండేండ్లకు రూల్స్ వచ్చినయి. సమ్మతి రాలేదు, సంప్రదింపు అన్న మాట వచ్చింది. అది కూడా గ్రామసభతో లేదా వన సంరక్షణ సమితితో అని. ఈ 'లేదా'లనే మన గ్రామసభ మునిగింది. సమితి రిజిస్టరుల నాలుగు సంతకాలు పెట్టించుకుంటే ఊరిని అడిగినట్టే లెక్క.

దాని ఫలితం ఊర్లల్ల చూస్తున్నం. బదులు అడవి పెంచుతమని వచ్చి ఏళ్ల తరబడి దున్నుకున్న చేన్ల మీద కందకాలు తవ్వుతరు. ఇప్ప, మొర్రి ఉన్న చోట టేకు, జామాయిల్ వరుసలు పెడుతరు. జామాయిల్ కింద గడ్డి మొలవదు, గొడ్డుకు మేత లేదు, మనిషికి పండు లేదు. లెక్కల మాత్రం అడవి పెరిగినట్టే. పోలీసు, ఫారెస్టోళ్లు ఒక దిక్కు, మనోళ్లు ఒక దిక్కు. 2022 నవంబరుల చండ్రుగొండ మండలంల ప్లాంటేషన్ తగాదాల ఒక రేంజ్ అధికారి ప్రాణమే పోయింది. ఆ హత్యను మేం సమర్థించం, ఎవరూ సమర్థించొద్దు. ఆయన ఇంట్ల కూడా పిల్లలున్నరు. కానీ ఆ తగాదాను ఊరికి తెచ్చిన పద్ధతిని కూడా అడగాలె. ఏ భూమి మీద నాటాలో ఊరు కూసొని తేల్చి ఉంటే, కింది స్థాయి ఉద్యోగి, కింది స్థాయి ఆదివాసీ ఎదురెదురు నిలబడే పరిస్థితి రాకపోవు.

మాకు ఎదురు చెప్పే మాటలు

ఈ సంగతులు మేం క్లాసుల, క్యాంటీన్ల మాట్లాడితే కొన్ని మాటలు వస్తయి. దాటేయకుండ జవాబు చెప్తం.

ఒకటి. "పట్నం కట్టే పన్నుతోనే రాష్ట్రం నడుస్తది, పట్నానికి పార్కు పెడితే మీకేం కడుపుమంట?" అంటరు. పట్నం పన్ను కడుతది, నిజం. ఆ పన్నులనే పార్కు పెట్టుకొమ్మంటున్నం. పట్నం కరెంటుకు బొగ్గు ఎక్కడిది, పట్నం నల్లాకు నీళ్లు ఎక్కడివి అన్న లెక్క కూడా తీద్దామంటే మేం తయారే.

రెండు. "అడవి నరికింది మీరే గదా, పోడు కొట్టింది మీరే గదా" అంటరు. పోడు ఉన్నది. చట్టం 2005 డిసెంబర్ 13ను గీత గీసింది. ఆ గీతకు ముందున్న సాగు మన హక్కు. ఆ తర్వాత కొత్తగ కొట్టిన అడవి కూడా ఉన్నది. దాంట్ల మైదానం నుంచి వచ్చిన పెట్టుబడిదార్లు పత్తి కోసం మనోళ్ల పేరు మీద కొట్టించింది ఉన్నది, మనోళ్లు కొట్టింది కూడా ఉన్నది. మేం దాన్ని వెనకేసుకు రాం. ఊరి మీద పెత్తనం ఊరికి ఉంటేనే అది ఆగుతది. ఒక్క ఓపెన్ కాస్టు మింగిన అడవిని మాత్రం ఏ పోడు గొడ్డలీ మింగలేదు.

మూడు. "గ్రామసభ చేతికి పైసలిస్తే తింటరు" అంటరు. ఉపాధి హామీల ఊరి ముందర లెక్క చదివే సామాజిక తనిఖీ దేశానికి నేర్పింది మన తెలుగు నేలే. అదే తనిఖీ కంపాకు పెట్టండి. ముందు గ్రామసభల పెట్టండి, తర్వాత పట్నం పార్కుల కాంట్రాక్టులకు కూడా పెట్టండి. ఎవరు తింటున్నరో లోకం చూస్తది. గ్రామసభ ఎంత గట్టిగ నిలబడుతదో చూడాలంటే ఒడిశాల నియమగిరి చూడండి. 2013ల సుప్రీంకోర్టు చెప్తే 12 గ్రామసభలు కూసున్నయి. 12 కూడా గని వద్దన్నయి. పైసలకు అమ్ముడుపోయేటోళ్లయితే ఆ కొండ ఇయ్యాల ఉండేదా?

నాలుగు. "పట్నంల అడవి, ఆదివాసీ రెండూ కలిసి ఉండవు" అంటరు. ముంబై చూడండి. అంత పెద్ద నగరం నడుమ ఆరేల, సంజయ్ గాంధీ పార్కుల వార్లీలు, ఇతర ఆదివాసీలు పాడాల్ల ఉంటున్నరు. 2019 అక్టోబరుల మెట్రో షెడ్డు కోసం రాత్రికి రాత్రి రెండు వేలకు పైగా చెట్లు కొట్టిన నాడు పట్నం పిల్లలతో పాటు అడ్డం నిలబడ్డది ఆ పాడాలోళ్లే. నగరం అడవిని కాపాడాలంటే దాంట్ల బతికేటోణ్ణి బయటికి నెట్టక్కర్లేదు.

మేం అడిగేది ఏంది?

1. నగరం పార్కులకు నగరం సొమ్మే. భూముల వేలం, భవన అనుమతుల ఫీజుల నుంచి కొంత శాతం పార్కులకే అని చట్టంల రాయాలె. 10 శాతం గ్రీన్ బడ్జెట్ దేనికి ఎంత ఖర్చయిందో వార్డు వారీగ బయట పెట్టాలె. పార్కులు పైసలున్న కాలనీలకే కాదు, బస్తీలకు కూడా రావాలె.

2. నగర్ వన్, అర్బన్ పార్కుల పద్దుకు కంపా పైసలు ఆపాలె. ఇప్పటిదాకా పోయిన పైసల లెక్క జిల్లా వారీగ చెప్పాలె: ఏ జిల్లా అడవి పోతే ఎంత వచ్చింది, ఏ జిల్లాల ఎంత ఖర్చయింది.

3. అడవి పోయిన ఊర్లకే ఆ పైసలు తిరిగి రావాలె. ఏ మొక్క, ఎక్కడ, ఎవరి చేతులతో అన్నది గ్రామసభ తేల్చాలె. రూల్స్‌ల ఉన్న 'లేదా' తీసెయ్యాలె, సంప్రదింపు తీసి సమ్మతి పెట్టాలె. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం చెప్పింది ఇదే.

4. హక్కుల దరఖాస్తు తేలని భూమిల ప్లాంటేషన్ వద్దు, కందకం వద్దు.

5. సామూహిక అటవీ వనరుల పట్టాలు ఊరికి ఇయ్యాలె.

6. కంచ గచ్చిబౌలి 400 ఎకరాలు వేలం జాబితా నుంచి శాశ్వతంగ తీసెయ్యాలె. 49 జీవోను పక్కన పెట్టుడు కాదు, రద్దు చెయ్యాలె.

7. పార్కుల్ల గడ్డి కోసే, నీళ్లు పట్టే కాంట్రాక్టు కూలీలకు, అడవిల తిరిగే బేస్ క్యాంపు వాచర్లకు నెలనెలా సరైన జీతం ఇయ్యాలె. ఇద్దరిల మనోళ్లే ఎక్కువ ఉంటరు.

మన పని ఏంది?

పోస్టు పెట్టి లైకులు లెక్కపెట్టుకుంటే ఏం కాదు. దండారీకి, కొత్తల పండుగకు, నాగోబా జాతరకు మనం ఊర్లకు పోతం. పోయినప్పుడు మూడు పనులు చేద్దాం.

మీ ఊరి చుట్టూ ఏ ప్లాంటేషన్ ఉన్నదో, ఏ ఏడు పెట్టిండ్రో, బోర్డు మీద ఏ పథకం రాసి ఉన్నదో ఫోటో తీయండి. అంతకుముందు ఆ జాగల ఏముండేనో పెద్దమనుషులను, మీ పటేల్‌ను, అవ్వను అడిగి రాసుకోండి. ఆ తర్వాత వన సంరక్షణ సమితి రిజిస్టరుల ఎవరి సంతకాలు ఉన్నయో, వాళ్లు నిజంగ పెట్టిండ్రా అని అడగండి. చదువు రాని తాత పేరు మీద ఇంగ్లీషు సంతకం దొరికినా ఆశ్చర్యపోకండి. మూడోది, సమాచార హక్కు కింద దరఖాస్తు. మీ డివిజన్‌ల గత ఐదేండ్ల కంపా ఖర్చు, పని వారీగ అడగండి. దరఖాస్తు ఎట్ల రాయాలో రానోళ్లకు మేం రాసి ఇస్తం, ఇక్కడనే అడగండి. వచ్చిన జవాబులు అన్నీ ఒక చోట పెడదాం. పది ఊర్ల కాగితాలు చేతుల ఉంటే, ఇందిరా పార్కు ధర్నా చౌక్‌ల కూసున్ననాడు మన మాటను ఎవడూ ఉత్త ఆవేశం అనలేడు.

ఆ ధర్నా చౌక్ కూడా ఒక పార్కు గోడ పక్కనే ఉన్నది గదా. 2017ల దాన్ని అక్కడి నుంచి లేపిండ్రు, హైకోర్టు మళ్లీ తెరిపించింది. నడిచేటోళ్లకు పార్కు ఎంత అవసరమో, మనలాంటోళ్లకు ఆ ఫుట్‌పాత్ అంత అవసరం.

చివరగ, ఆ పార్కు బోర్డు ముందు ఆగిన తమ్మునికి మా జవాబు. తమ్మీ, మీ చేనుల కందకం తవ్విన పైసలు, గీ పార్కుల ఊయల కట్టిన పైసలు రెండూ ఒకటే ఖాతావి. ఆ ఖాతాల పడ్డది మనం పోగొట్టుకున్న అడవి ధర. అటు మనల్ని అడగలేదు, ఇటు మనల్ని అడగలేదు. పట్నం పిల్లలు ఆ ఊయల ఊగితే మనకు కోపం లేదు, ఊగనీ. కానీ ఆ ఊయలకు పైసలు వాళ్ల పట్నం కట్టాలె. మన అడవి పైసలు మన అడవికి రావాలె.

జల్, జంగల్, జమీన్ మాట కుమురం భీం జోడేఘాట్‌ల అన్ననాడు కంపా లేదు, ఎన్‌పీవీ లేదు. అడిగింది మాత్రం ఇదే: మా అడవి సంగతి మమ్మల్ని అడిగి తేల్చండి. 1940ల ఆయన్ని చంపిండ్రు గానీ ఆ ప్రశ్నకు ఇప్పటిదాకా జవాబు రాలేదు. మనం అడుగుదాం.

మావ నాటే మావ రాజ్! జై ఆదివాసీ!